వికెట్ కీపింగ్ నేర్చుకుందాం – 5వ పాఠం: బంతితోపాటు లేవడం

గత పాఠంలో ఫాస్ట్ బౌలర్‌కు వెనక్కి జరిగి నిలబడడం నేర్చుకున్నాం. ఈ వారం స్పిన్నర్ కోసం స్టంపుల దగ్గరికి వస్తున్నాం. నాకు కీపింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఉదయం గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో సాధన చేసే పిల్లలను చూస్తుంటే ఒకే తప్పు పదేపదే కనిపిస్తుంది. బౌలర్ చేయి తిరగగానే కీపర్ లేచి నిలబడతాడు. బంతి కిందుగా వచ్చిందా, కాళ్ల మధ్య నుంచి బౌండరీకి పోతుంది. మన వైపు నల్లమట్టి పిచ్‌లు ఎండకు బీటలు వారాక ఒక బంతి మడమ ఎత్తులో వస్తే, తర్వాతిది నడుము ఎత్తుకు లేస్తుంది. కింద కూర్చున్నవాడు బంతితోపాటు పైకి రాగలడు. ముందే లేచినవాడు మళ్లీ వంగేలోపు బంతి దాటిపోతుంది.

కాబట్టి బంతి నేలను తాకేవరకు లేవకండి. తాకిన తర్వాత మోకాళ్లు, నడుము బంతి ఎంత లేస్తే అంతే లేవాలి. తల మాత్రం వీలైనంతసేపు కిందనే, బంతి వరుసలో ఉండాలి.

ఇక కూర్చునే తీరు. బ్యాటర్ కుడిచేతి వాటం అయితే మీ ఎడమ పాదం మిడిల్ స్టంపుకూ ఆఫ్ స్టంపుకూ మధ్య వరుసలో ఉంచండి. అప్పుడు బౌలర్ చేయి కనిపిస్తుంది. బరువు మునివేళ్ల మీద, మడమలు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. పాదం కదపకుండా చేతులు చాస్తే గ్లవ్స్ బెయిల్స్‌కు, అంటే స్టంపుల పైన పెట్టే చిన్న పుల్లలకు, అందాలి. అలాగని ఆత్రంగా చేతులు స్టంపుల ముందుకు పోనివ్వకండి. బంతి బ్యాటుకో బ్యాటర్‌కో తగలకముందు, స్టంపులను దాటకముందు మీ గ్లవ్స్ స్టంపుల ముందుకు వస్తే అంపైర్ నోబాల్ ఇస్తాడు. మీ అందమైన స్టంపింగ్, అంటే క్రీజు దాటిన బ్యాటర్‌ను బెయిల్స్ పడగొట్టి ఔట్ చేయడం, చెల్లదు.

చిటికెన వేళ్లు రెండూ ఒకదానికొకటి ఆనించి, అరచేతులు బంతికి చూపిస్తూ, వేళ్లు నేల వైపు ఉంచండి. వేళ్ల కొనలు బంతికి ఎదురు పోకూడదు. పదిహేడేళ్ల వయసులో ఒక లెగ్ స్పిన్నర్ బంతికి నేను చేసిన తప్పు ఇదే. ముందే లేచాను, కంగారుగా మళ్లీ వంగాను, వేళ్లు బంతికి ఎదురుగా తిరిగిపోయాయి. కుడిచేతి ఉంగరపు వేలు చివరి కణుపు ఈనాటికీ నిటారుగా నిలవదు. చలికాలంలో పెన్ను పట్టుకున్నప్పుడు గుర్తుచేస్తూనే ఉంటుంది.

బంతితోపాటు కిందనుంచి పైకి లేవడం బాగా వచ్చినవాడికి స్టంపింగ్ వేరే విద్య కాదు. చేతులు ఎలాగూ బంతితోపాటు బెయిల్స్ ఎత్తుకు వస్తున్నాయి, అక్కడి నుంచి పక్కకు తిప్పడమే మిగిలింది. 1988 జనవరిలో చెన్నైలో వెస్టిండీస్‌పై మన లెగ్ స్పిన్నర్ నరేంద్ర హిర్వాణీ తన తొలి టెస్టులోనే 16 వికెట్లు తీశాడని అందరూ చెప్పుకుంటారు. అదే మ్యాచ్‌లో స్టంపుల వెనుక కిరణ్ మోరే ఆరు స్టంపింగ్‌లు చేశాడు, అందులో ఐదు ఒకే ఇన్నింగ్స్‌లో. ఆ మ్యాచ్ గురించి మాట్లాడేటప్పుడు మోరే పేరు రెండో పేరుగానైనా రావాలని నేను పట్టుబడతాను. బ్యాటర్ పాదం క్రీజు గీత మీద ఉన్నా ఔటే, గీత వెనుక కొంచెమైనా నేలను తాకాలి. ఆ అంగుళం కోసమే ఇంత సాధన.

ఇంట్లో చేసే సాధన: గోడ ముందు ఒక కుర్చీ వేసి, దాని వెనుక చేతి దూరంలో గొంతుకూర్చోండి. ఎనిమిది అడుగుల అవతల అన్నయ్యో చెల్లెలో నిలబడి టెన్నిస్ బంతిని కుర్చీకి కాస్త ముందు నేలను తాకేలా విసరాలి. ఇంకొకరు కుర్చీ పక్కన నిలబడి బంతికి తగలకుండా కర్ర ఊపాలి. మొదట్లో కర్ర కదలగానే కళ్లు మూసుకుపోతాయి. ఎన్నిసార్లు మూశారో నోటుపుస్తకంలో రాయండి. పట్టిన బంతుల లెక్క కంటే ఈ లెక్కే నాకు ముఖ్యం. రోజుకు అరవై బంతులు, ఎండ ముదరకముందే ముగించండి.

కళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ 2012 జులైలో టాంటన్‌లో ఇమ్రాన్ తాహిర్ బౌలింగ్‌కు స్టంపుల దగ్గర నిలబడ్డాడు. హెల్మెట్ లేదు. బెయిల్ ఎగిరి ఎడమ కంటికి తగిలింది. అంతటి కెరీర్ ఆ బంతితో ముగిసిపోయింది. స్టంపులు పాతి సాధన చేసే రోజున హెల్మెట్ లేకుండా కూర్చోకండి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మన గుంటూరు జిల్లా మేడికొండూరులో పుట్టిన కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ 1998లో భారత వన్డే జట్టులోకి, 1999లో టెస్టు జట్టులోకి వచ్చారు. 6 టెస్టులు, 17 వన్డేలు ఆడారు. టెస్టుల్లో అర్ధ శతకం రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు వన్డేల్లో గ్లవ్స్ బ్యాటర్ రాహుల్ ద్రావిడ్ చేతికే వెళ్లాయి. అప్పటికే కీపర్ నుంచి పరుగులు అడిగే కాలం వచ్చేసింది. కీపింగ్, బ్యాటింగ్ రెండూ మోయడం ఎంత బరువో శ్రీలంక ఆటగాడు కుమార్ సంగక్కర లెక్క చెబుతుంది: టెస్టుల్లో కీపింగ్ చేసినప్పుడు బ్యాటింగ్ సగటు సుమారు 40, గ్లవ్స్ వదిలేశాక సుమారు 67. అలసిన కాళ్లతో బ్యాటింగ్‌కు దిగడం గురించి ఏడో పాఠంలో వివరంగా మాట్లాడుకుందాం.

వచ్చే వారం లెగ్ సైడ్ బంతి, అంటే బ్యాటర్ శరీరం అడ్డొచ్చి బంతి కాసేపు కనబడకుండా పోయే సందర్భం. కుర్చీ మీద ఒక దుప్పటి వేసి సిద్ధంగా ఉంచండి.