ములుగు రెండు రోజుల్లో: రామప్ప, లక్నవరం, బొగత ఏ వరుసలో చూడాలి

ములుగు జిల్లాలో చూడాల్సినవి దాదాపు అన్నీ ఒకే దారిలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి హనుమకొండ మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 163వ జాతీయ రహదారి పట్టుకుంటే ములుగు, జంగాలపల్లి, చల్వాయి, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం వరుసగా వస్తాయి. రామప్ప గుడికి జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరగాలి. లక్నవరం చెరువుకు చల్వాయి దగ్గర కుడికి. మేడారానికి పస్రా నుంచి గానీ తాడ్వాయి నుంచి గానీ అడవిలోకి పోవాలి. బొగత జలపాతం గోదావరి దాటాక వస్తుంది.

దారి ఇంత సులువు కాబట్టే అన్నీ ఒక్క రోజులో చుట్టేద్దామని బయల్దేరేవాళ్లు ఎక్కువ. రామప్పలో ఇరవై నిమిషాలు, లక్నవరం వంతెన మీద రెండు ఫొటోలు, బొగతకు చేరేసరికి గేటు మూసేసి ఉంటుంది. హైదరాబాద్ నుంచి బొగతకు పోయి రావడమే ఐదు వందల యాభై కిలోమీటర్ల పైమాట. రెండు రోజులు, ఒక రాత్రి పెట్టుకోండి. రెండో రోజు కుదరదంటే బొగతను వదిలేసి రామప్ప, లక్నవరం మాత్రం తీరిగ్గా చూసి రండి.

ఎప్పుడు వెళ్లాలి

బొగత వానకు వెంటనే పొంగుతుంది. లక్నవరం నిండడానికి సీజనంతా పడుతుంది. జులై, ఆగస్టుల్లో జలపాతం భీకరంగా ఉంటుంది కానీ, ఉధృతి పెరిగిందంటే సందర్శకులను ఆపేస్తారు. అంత దూరం పోయి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేవాళ్లు ఏటా ఉంటారు. రెండూ కలిసి బాగుండేది సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా. చెరువు నిండుగా ఉంటుంది, జలపాతంలో బురద తేరి నీళ్లు తెల్లబడతాయి. దసరా సెలవులు, ఆదివారాలు తప్పించగలిగితే ఇంకా మంచిది.

ఎండాకాలంలో వెళ్తే రామప్ప కోసమే వెళ్లండి. యాసంగి పంటకు నీళ్లు వదిలాక లక్నవరం అంచులు బయటపడతాయి, బొగత సన్నటి ధారలకు దిగుతుంది.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో, సరిసంఖ్య సంవత్సరాల్లో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. జాతరకు కొన్ని వారాల ముందు నుంచే ముందస్తు మొక్కుల రద్దీ మొదలవుతుంది. ఆ రోజుల్లో ఈ దారిలో విహారయాత్ర పెట్టుకోకండి. జాతరకే పోతే సరే.

మొదటి రోజు: రామప్ప

హైదరాబాద్ నుంచి సుమారు 210 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే హనుమకొండలో టిఫిన్ చేసి తొమ్మిదికల్లా పాలంపేట చేరవచ్చు. తొందర ఎందుకంటే, గుడి ముఖం తూర్పుకు ఉంది. పొద్దుటి ఎండ ముందువైపు శిల్పాల మీద వాలుగా పడుతుంది, అప్పుడే చెక్కడం లోతు కనిపిస్తుంది. ఇంకో కారణం మీ పాదాలు. చెప్పులు విడిచి నడవాలి, పదకొండు దాటాక రాతి పరుపు కాలుతుంది. పిల్లలకు, పెద్దవాళ్లకు మందపాటి సాక్సులు వేయించండి.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. లోపల స్వామి రామలింగేశ్వరుడు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

వెళ్లగానే గర్భగుడిలోకి దూరిపోకండి. ముందు బయట, ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఒక చుట్టు నిదానంగా తిరగండి. గోడల అడుగున ఏనుగుల వరస గుడి చుట్టూ సాగుతుంది. తర్వాత తలెత్తి, మూడు వాకిళ్ల దగ్గర చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీల శిల్పాలను చూడండి. మొత్తం పన్నెండు. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి, ఇవి మాత్రం అద్దంలా నునుపు తేలిన నల్లరాయి. ఒంటిని పాము చుట్టుకున్న నాగిని, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న వేటగత్తె వీళ్లలోనే ఉన్నారు. ఆ చెప్పుల మడమ ఎనిమిది వందల ఏళ్ల కిందటిదంటే పిల్లలు నమ్మరు.

లోపల మండపంలో వెలుతురు తక్కువ. ఫోను టార్చిని శిల్పానికి ఎదురుగా కాకుండా పక్క నుంచి పట్టుకుంటే గీత గీతకూ నీడ పడి బొమ్మ లేచి కనిపిస్తుంది. మధ్యలోని నాలుగు స్తంభాలు, వాటి మీది దూలాలు, పైకప్పు చూడ్డానికే అరగంట కావాలి. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుడి శిల్పం మీద వేలితో కొట్టి స్వరాలు పలికించి చూపిస్తారు. అందరూ తడితే రాయి అరుగుతుంది. వినాలనుంటే గైడ్‌ను ఒక్కసారి తట్టమనండి, మీరు తట్టకండి.

శిఖరం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారని విని ఇటుకల కోసం వెతికేవాళ్లుంటారు. అవి పైన, గర్భగుడి మీది విమాన గోపురంలో ఉన్నాయి, చేతికి అందవు. కింద పునాదిలో గొయ్యి తవ్వి ఇసుక నింపారు. భూమి కదిలినా ఆ ఇసుక అదురును కొంత మింగేస్తుంది, పైన బరువు తక్కువ కాబట్టి గోడలకు భారం తగ్గుతుంది. ఆ రెంటినీ కలిపి చూస్తేనే కట్టినవాళ్ల తెలివి అర్థమవుతుంది. మండపం నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంది, చీకట్లో అడుగు చూసి వేయండి. బయటికొచ్చాక ఎదురుగా ఉన్న నందిని మరిచిపోవద్దు. చెవి రిక్కించి, ఇప్పుడే లేచేలా కూర్చుంటుంది.

గుడికి గంటన్నర ఇవ్వండి. పక్కనే రామప్ప చెరువు, కట్ట మీద కాసేపు ఆగితే చాలు. బోటింగు ఇక్కడ కాదు, లక్నవరంలో చేసుకోండి. గుళ్లంటే ఇష్టమున్నవాళ్లు ఇక్కడి నుంచి దగ్గరే ఉన్న గణపురం కోటగుళ్లు చూడవచ్చు. అది భూపాలపల్లి జిల్లాలోకి వస్తుంది. ఒకే ప్రాకారంలో ఇరవై రెండు ఆలయాలు, చాలావరకు శిథిలాలే. జనం ఉండరు.

సాయంత్రం: లక్నవరం

రామప్ప నుంచి మళ్లీ హైవే ఎక్కి చల్వాయి దగ్గర కుడికి తిరిగి బుస్సాపూర్ మీదుగా ఏడెనిమిది కిలోమీటర్లు పోవాలి. మధ్యాహ్నం మూడు తర్వాత చేరేలా చూసుకోండి. నడినెత్తిన ఎండలో తీగల వంతెన మీద నడవడం శిక్షే.

కాకతీయులు గుట్టల మధ్య సన్నటి సందులను చిన్న చిన్న కట్టలతో మూసేసి ఇంత పెద్ద చెరువు చేశారు. అందుకే ఎటు చూసినా గుట్టలే అంచులు, కట్ట పెద్దగా కనపడదు. మధ్యలో తేలినవే ద్వీపాలు. ముందు వంతెన దాటి ద్వీపానికి పోయి, బోటు టికెట్టు చీకటి పడే ముందే తీసుకోండి. చివరి బోటు కోసం ఆగితే వరస పెద్దదవుతుంది. ఎక్కే ముందు లైఫ్ జాకెట్ బకిల్ సరిగ్గా పడిందో లేదో మీరే చూసుకోవాలి. వంతెన ఊగుతుంది. ఊపడం సరదా అనుకునే కుర్రాళ్లు ఉంటే వాళ్లు దాటేదాకా ఆగి తర్వాత నడవండి.

రాత్రికి ఇక్కడే హరిత కాటేజీల్లో ఉండడం మంచిది. తెలంగాణ పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకోవాలి, శని ఆదివారాలకు అక్కడికొచ్చి అడిగితే దొరకవు. దొరక్కపోతే ములుగుకో హనుమకొండకో వెనక్కి పోవడం మేలు. తాడ్వాయిలోనూ హరిత గదులున్నాయి, రెండో రోజు దారికి అవి ఇంకా దగ్గర.

రెండో రోజు: అడవి దాటి బొగత

ఆరున్నరకు బయల్దేరండి. పస్రా దాటాక అడవి మొదలవుతుంది. కోతులు రోడ్డు అంచునే కూర్చుంటాయి. బండి ఆపి అరటిపండు ఇచ్చారంటే తర్వాతి బండికి అవి అడ్డంగా దూకుతాయి. ఫోను సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, మ్యాప్ ముందు రాత్రే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. పెట్రోలు ములుగులో నింపుకుంటే నిశ్చింత.

మేడారం చూడాలంటే తాడ్వాయి నుంచి పద్నాలుగు పదిహేను కిలోమీటర్లు లోపలికి. జాతర లేనప్పుడు సమ్మక్క సారలమ్మ గద్దెలు గంటలో దర్శించుకోవచ్చు. తల్లులకు ఇచ్చే బంగారం అంటే బెల్లం, గద్దెల దగ్గరి దుకాణాల్లో దొరుకుతుంది. వానాకాలంలో జంపన్న వాగులో స్నానానికి దిగే ముందు ప్రవాహం ఎలా ఉందో ఊరివాళ్లను అడగండి.

ఏటూరునాగారం తర్వాత ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటాలి. ఈ వంతెన లేనప్పుడు అటు పోవాలంటే చాలా చుట్టు తిరగాల్సి వచ్చేది. వాజేడు మండలం చీకుపల్లి దగ్గర బొగత. తెలంగాణ నయాగరా అని ప్రచారం చేసి జనాన్ని తప్పుదోవ పట్టించారు గానీ, దీని అందం ఎత్తులో లేదు, వెడల్పులో ఉంది. రాతి మెట్ల మీద పరుచుకుని దూకుతుంది. పదిన్నరకల్లా అక్కడుంటే జనం పోటెత్తకముందే చూడవచ్చు.

నీళ్లలోకి ఎంతవరకు పోనిస్తే అంతవరకే పోండి. కంచె అవతల రాళ్ల మధ్య గుంతలు ఉంటాయి, పైనుంచి చూస్తే లోతు తెలీదు. రాయి మీద పాచి ఉంటుంది కాబట్టి రబ్బరు చెప్పులు జారతాయి, పట్టున్న సాండల్స్ వేసుకోండి. పైన ఎగువ గుట్టల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. ధారలు ఉన్నట్టుండి ఎర్రబడ్డాయంటే వెంటనే గట్టెక్కండి.

వెంకటాపురం వైపు అడవిలో ముత్యంధార జలపాతం గురించి ఎవరైనా ఊరిస్తే పోవద్దు. 2023 జులైలో అక్కడికి పోయిన పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే ఎన్‌డీఆర్‌ఎఫ్ సిబ్బంది బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

సొంత బండి లేకపోతే వరంగల్ లేదా కాజీపేటలో రైలు దిగి హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం, మంగపేట బస్సులు ఎక్కవచ్చు. హైవే ఊళ్లలో దిగాక లోపలికి ఆటోలే దిక్కు. ఆటోను పోవడానికి మాత్రమే మాట్లాడుకుంటే రామప్ప దగ్గర తిరుగు ప్రయాణానికి ఇరుక్కుంటారు, ఆగే సమయంతో కలిపి రానూపోనూ మాట్లాడుకోండి. బొగతకైతే హనుమకొండ నుంచే కారు మాట్లాడుకోవడం నయం.

బొగత దగ్గర మధ్యాహ్నం రెండు దాటాక ఉండకండి. భోజనం ఏటూరునాగారంలో చేసి మూడున్నరకు కదిలితే తాడ్వాయి అడవి వెలుతురులోనే దాటుతారు.