చేతిలో ఉన్నది రాగేనా? కాటా, నీళ్లతో లోహాన్ని గుర్తుపట్టడం ఎలా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టున, నీళ్లకు గాలి అందించే ఏరేటర్ మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు పరుగెత్తక తప్పదు. అక్కడ వచ్చే సందేహం ఒకటే: వేస్తున్నది అసలు రాగి తీగేనా, లేక పైన రాగి పూత వేసిన అల్యూమినియమా? రంగు చూసి చెప్పలేం. అల్యూమినియానికి విద్యుత్ వాహకత రాగిలో సుమారు 60 శాతమే. అదే మందం తీగతో చుడితే మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. ఏరేటర్ ఆగితే రాత్రంతా టెన్షనే కాబట్టి ఇది తేల్చుకోవాల్సిన విషయమే.

బ్లేడుతో గీకితే లోపలి తెలుపు కనబడుతుంది, నిజమే. కానీ గీకడానికి వీల్లేని వస్తువులు, గీకినా తెల్లగానే కనిపించే లోహాలు చాలా ఉన్నాయి. అందుకే అన్నిటికీ పనికొచ్చే పద్ధతి సాంద్రత కొలవడం. అంటే ఒక ఘన సెంటీమీటరు లోహం ఎన్ని గ్రాములు తూగుతుందో చూడటం.

మొదటి పరీక్ష: నీళ్లలో వేలాడదీసి తూచడం

వంటింటి డిజిటల్ కాటా, పెద్ద గ్లాసు, సన్నని దారం చాలు. చుట్టించే ముందే అదే రీలు నుంచి కొంత తీగ అడిగి తీసుకోండి. ముందుగా దాన్ని పొడిగా తూచి బరువు రాసుకోండి. తర్వాత ముప్పాతిక వంతు నీళ్లున్న గ్లాసును కాటా మీద పెట్టి సున్నా నొక్కండి. ఇప్పుడు తీగ చుట్టను దారానికి కట్టి, చేత్తో పట్టుకుని, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి దించండి. అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు. కాటా మీద కనిపించే గ్రాములే ఆ తీగ ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. అది పక్కకు తోసిన నీటి బరువే కాటా మీద పడుతుంది మరి, ఒక ఘన సెంటీమీటరు నీళ్లు తూగేది ఒక గ్రామే.

పొడి బరువును ఈ అంకెతో భాగించండి. 180 గ్రాముల తీగకు నీళ్లలో 20 గ్రాములు చూపిస్తే సాంద్రత 9. రాగి అసలు విలువ 8.96. పైన ఎనామిల్ (కరెంటు బయటికి పోకుండా వేసే పూత) ఉంటుంది కాబట్టి కాస్త తగ్గినా కంగారు పడొద్దు. పూత వేసిన అల్యూమినియం తీగైతే అదే 180 గ్రాములకు కాటా 50కి పైనే చూపిస్తుంది, సాంద్రత 3.3 నుంచి 3.6 మధ్యకు పడిపోతుంది. ఇంత తేడా వచ్చాక వాదనే ఉండదు.

మిగతావాటికి ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి: అల్యూమినియం 2.70, తుత్తునాగం 7.14, తగరం 7.3, ఇనుము 7.87, వెండి 10.49, సీసం 11.34, బంగారం 19.3.

ఈ పని చెడగొట్టేవి మూడు. ఒకటి, చుట్టలో ఇరుక్కున్న గాలి బుడగలు. నీళ్లలో ఒక చుక్క అంట్ల సబ్బు వేసి తీగను ఆడిస్తే పోతాయి. రెండు, కాటా. ఒక్కో గ్రాము చొప్పున చూపించే కాటా మీద 50 గ్రాముల ముక్క తూస్తే ఫలితం 8.3 రావచ్చు, 10 రావచ్చు. అలాంటి కాటాకైతే కనీసం 200 గ్రాములుండాలి, లేదంటే గ్రాములో పదో వంతు చూపించేది తెచ్చుకోండి. మూడోది మన తీరప్రాంతపు సమస్య, ఉప్పు నీళ్లు. సముద్రపు నీటి సాంద్రత దాదాపు 1.025. దాంట్లో తూస్తే రాగి 8.74గా కనిపించి ఇత్తడి దగ్గరకు జారుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మినరల్ వాటర్ వాడండి, లేదా పట్టిన వాన నీళ్లు.

రెండో పరీక్ష: వేడితో

తుత్తునాగానికీ తగరానికీ సాంద్రతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి చూశారా? మామూలు కాటా వాటిని విడదీయలేదు. అక్కడ విశిష్టోష్ణం అక్కరకొస్తుంది, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన శక్తి. తుత్తునాగానికి 0.388 జౌళ్లు, తగరానికి 0.227. ఇక్కడ తేడా స్పష్టం.

దీనికి ఇంకో రెండు వస్తువులు కావాలి: థర్మోకోల్ గ్లాసు, నీళ్లలో ముంచే డిజిటల్ థర్మామీటర్. జ్వరం చూసేది పనికిరాదు. 300 గ్రాముల లోహాన్ని దారం కట్టి మరుగుతున్న నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. ఇక్కడ డెల్టాలో ఉన్నందుకు ఒక లాభముంది. మనం దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాం కాబట్టి లోహం వేడి 100 డిగ్రీలని ధైర్యంగా రాసుకోవచ్చు. అరకులో అయితే నీళ్లు సుమారు 97 దగ్గరే మరుగుతాయి.

థర్మోకోల్ గ్లాసులో 200 గ్రాముల చల్లని నీళ్లు పోసి వేడి చూడండి, 28 ఉందనుకుందాం. లోహాన్ని పైకి తీసి, ఒక్కసారి విదిలించి, వెంటనే గ్లాసులో ముంచండి. మెల్లగా కలుపుతూ థర్మామీటర్ ఎంతవరకూ ఎక్కి ఆగుతుందో చూడండి. రాగి అయితే 36.7 దగ్గర ఆగాలి. లెక్క ఇలా: నీళ్లు తీసుకున్న వేడి 200 × 4.18 (నీటి విశిష్టోష్ణం) × 8.7 (పెరిగిన డిగ్రీలు), అంటే సుమారు 7,270 జౌళ్లు. లోహం 63.3 డిగ్రీలు చల్లారింది. 7,270ని 300తో, ఆపైన 63.3తో భాగిస్తే 0.383. రాగి విలువ 0.385. ఇంట్లో ఇంత బాగా కుదరకపోవచ్చు, పది శాతం అటూ ఇటూ వచ్చినా లోహం తెలిసిపోతుంది.

వల అంచుకు కట్టే సీసం గుళ్లతో ఇదే చేసి చూడండి. అదే బరువు, అదే 100 డిగ్రీలు, అయినా నీళ్లు 31 దాటి పెద్దగా ఎక్కవు. అల్యూమినియమైతే 45 దాటిస్తుంది. ఎందుకిలా? 1819లో ఫ్రాన్స్‌లో డ్యూలాంగ్, పెటీ అనే ఇద్దరు దీని గుట్టు పట్టుకున్నారు. విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణించండి: అల్యూమినియం 0.897 × 27, రాగి 0.385 × 63.5, సీసం 0.129 × 207. మూడూ 25కి అటూ ఇటూగా వస్తాయి. అంటే వేడి దాచుకోవడంలో లెక్కకొచ్చేది పరమాణువుల బరువు కాదు, వాటి సంఖ్య. సీసం పరమాణువు బరువైనది, గ్రాముకు పరమాణువులు తక్కువ, అందుకే దాచుకునే వేడీ తక్కువ. నన్నడిగితే పాఠం కంటే ముందు పిల్లలకు ఈ గుణకారం చేయించాలి.

ఎక్కడ పనిచేయదంటే

అజ్జరం ఇత్తడి బిందె తెచ్చి తూస్తే 8.4 నుంచి 8.7 మధ్య వస్తుంది. అది రాగి, తుత్తునాగం కలిసిన మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం, దాని సాంద్రతా ఆ చుట్టుపక్కలే. వాటిని ఈ పరీక్షలతో నమ్మకంగా విడదీయలేం. బంగారం సంగతి ఇంకా చిక్కు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, విశిష్టోష్ణం 0.132, రెండూ బంగారానికి అతి దగ్గర. కాబట్టి బంగారం కొనేటప్పుడు ఈ గ్లాసును నమ్ముకోవద్దు.

కరిగించి చూస్తే తేలికగా తెలుస్తుంది కదా అంటారు కొందరు. తగరం 232 డిగ్రీలకు, సీసం 327కి, అల్యూమినియం 660కి, రాగి 1,085కి కరుగుతాయి, నిజమే. కానీ కరుగుతున్న సీసం ఆవిరి విషం, వైండింగ్ తీగ మీద ఎనామిల్ కాలితే వచ్చే పొగా మంచిది కాదు. ఆ పరీక్ష ఇంట్లో పెట్టుకోకండి. సీసం గుళ్లు పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని, వాటికి వాడిన గ్లాసును, గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.