కళ్లు మూసుకుని మీ యాప్ వాడి చూడండి

మా బాబాయికి చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం టాక్‌బ్యాక్‌తో ఫోన్ పనులన్నీ తనే చేసుకుంటాడు. ఒకసారి కరెంటు బిల్లు కడుతుంటే యాప్ "బటన్, బటన్, బటన్" అని మాత్రమే చదివింది. ఏది నొక్కాలో తెలియక నాకు ఫోన్ చేశాడు. ఆ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని, నేను చేసే ప్రతి యాప్‌నీ ఇలా పరీక్షిస్తాను.

సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర వైపు చూడకుండా వేలిని కుడివైపు జరుపుతూ వెళ్లండి. రెండుసార్లు తడితే బటన్ పనిచేస్తుంది. బొమ్మ మాత్రమే ఉన్న ప్రతి బటన్‌కీ కంటెంట్ డిస్క్రిప్షన్ (టాక్‌బ్యాక్ చదివి వినిపించే చిన్న వివరణ) రాయండి. "బిల్లు కట్టండి" అంటే చాలు. "బటన్" అనే మాట టాక్‌బ్యాకే చెబుతుంది, మీరు రాస్తే రెండుసార్లు వినిపిస్తుంది.

యాప్‌లోని తెలుగు యూనికోడ్‌లోనే (ఫోన్లన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు చెవికి అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తుంది. ఈ పొరపాటు చెయ్యకండి.

కొద్దిగా చూపున్నవాళ్ల కోసం అక్షరాలకూ వెనక రంగుకూ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉంచండి, బటన్ పొడవు, వెడల్పు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది సైజుకు వాడే కొలత) ఉంచండి. తప్పును ఎర్రరంగుతో మాత్రమే కాదు, మాటల్లోనూ చెప్పండి. ఓటీపీకి ఎక్కువ సమయం ఇవ్వండి, విని కొట్టాలి కదా.

చివరగా, చూపులేని ఒకరికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు.