తవ్వకుండా డ్రైనేజీ పైపు బాగవుతుందా? లక్షణం, కారణం, మరమ్మతు

పోర్టికోలో గ్రానైట్ పరిచి ఏడాది కాలేదు. దాని కింద నాలుగడుగుల లోతున పోయే డ్రైనేజీ పైపు మొరాయించింది. ఒక ప్లంబరు వచ్చి "మొత్తం లేపాల్సిందే సార్" అంటాడు. ఇంకొకాయన వచ్చి "తవ్వే పనే లేదు, లోపల లైనింగ్ వేసేస్తాం" అంటాడు. తమాషా ఏంటంటే, ఇద్దరిలో ఒక్కరూ పైపులోకి తొంగి చూడలేదు.

ఈ పనులు దగ్గరుండి చేయించేవాడిగా నాకు తెలిసింది ఇది: తవ్వకుండా బాగుచేసే పద్ధతులు నిజంగానే ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ అన్ని రోగాలకూ కాదు. లైనింగ్ అనేది పాత పైపు లోపల అచ్చుపోసిన కొత్త పైపు. పాతది ఎలా ఉంటే కొత్తదీ అలాగే వస్తుంది. వంకర పైపులో వేస్తే వంకర లైనింగే వస్తుంది.

ముందు తప్పు ఎవరి పైపులో ఉందో తేల్చుకోండి

మీ గేటు దగ్గరున్న ఆఖరి చాంబరు మూత తీసి చూడండి. రోడ్డు మ్యాన్‌హోలు జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. హైదరాబాదులో అయితే జలమండలి వాళ్లను, మిగతా ఊళ్లలో మునిసిపాలిటీ వాళ్లను పిలిచి చూడమనండి. రెండూ నిండి ఉంటే తప్పు రోడ్డు లైనుది. ఎయిర్‌టెక్ మిషన్ (ఒత్తిడితో నీళ్లు కొట్టే బండి) వచ్చి కొడితే మీ చాంబరు దానంతటదే దిగిపోతుంది. మీ చాంబరు నిండి, రోడ్డు మ్యాన్‌హోలు హాయిగా పారుతుంటే మధ్యలోని కనెక్షన్ పైపులో తేడా ఉంది. ఒక్క బాత్రూములోనే నీళ్లు నిలిచి, మిగతావన్నీ బాగుంటే నేల కింద పైపును అనుమానించక్కర్లేదు. నాని ట్రాప్ (బాత్రూము నేలలో జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె) విప్పించండి, వెంట్రుకలూ సబ్బు ముక్కలూ బయటపడతాయి.

చాంబరు ఎంత చిన్నదైనా మనిషిని లోపలికి దించొద్దు. మురుగు వాయువుకు స్పృహ తప్పడానికి నిమిషం కూడా పట్టదు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంతల్లోకి మనుషుల్ని దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

కెమెరా పెట్టించండి, కడిగించాకే

పాముకు దీపం కట్టినట్టుండే చిన్న కెమెరాను పైపులోకి తోస్తారు. దానికంటే ముందు జెట్టింగ్ చేయించి, అంటే ఒత్తిడితో నీళ్లు కొట్టించి, పైపు కడిగించాలి. లేకపోతే తెర మీద బురద తప్ప ఏమీ కనబడదు. పై ఫ్లాట్ల వాళ్లకు గంట ముందే చెప్పాలి. చెప్పినా సరే, సరిగ్గా కెమెరా లోపలున్నప్పుడే ఎవరో ఒకరు వాషింగ్ మెషిన్ వేస్తారు.

తెర మూలన మీటర్ల లెక్క పడుతుంటుంది. కెమెరా తలలోంచి వచ్చే సిగ్నల్‌ను నేల మీద లొకేటర్‌తో పట్టుకుంటే, పగులు ఏ రాయి కింద ఉందో, ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టించండి. వీడియో పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. వీడియో ఇవ్వనంటే ఇంకొకరిని చూసుకోవడమే.

ఇక ఇంట్లో కనబడే లక్షణాల సంగతి.

మూడు నాలుగు నెలలకోసారి, ఎప్పుడూ అదే చోట జామ్

నూటికి తొంభైసార్లు అనను గానీ, కాంపౌండులో పెద్ద చెట్టుంటే నా మొదటి అనుమానం వేళ్ల మీదే. పాత ఇళ్లలో కింద ఉన్నవి స్టోన్‌వేర్ గొట్టాలు, అంటే మెరుగు పోసి కాల్చిన మట్టి గొట్టాలు. ఒక్కోటి రెండడుగులే. ముప్పై అడుగుల లైనులో దాదాపు పదిహేను అతుకులన్నమాట. ఆ అతుకుల్లో పెట్టిన సిమెంటు ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకవాసి పగులుతుంది. ఆ సందు నుంచి వచ్చే తేమ వేపకూ రావికీ కోనోకార్పస్‌కూ చాలు.

ఒక పాత కాలనీలో పెద్దాయన ఇంటికి వెళ్లాను. వెదురు బద్దలతో పొడిచిన ప్రతిసారీ నీళ్లు పోతాయి, పండగ వచ్చేసరికి మళ్లీ పొంగుతాయి. అప్పటిదాకా పొడిచినవాళ్లు "పైపులో గుడ్డలేవో ఉన్నాయి" అని చెప్పి పోయారట. కెమెరా ఏడు మీటర్ల దగ్గర ఆగింది. తెర నిండా కొబ్బరి పీచులాంటి కుచ్చు వేలాడుతోంది, టిష్యూ కాగితం ముక్కలు దానికి అంటుకుని ఊగుతున్నాయి. గొలుసులు తిరిగే నాజిల్ పెట్టి కోయిస్తే మూరెడు పొడవున జడలాంటి వేరు చాంబర్లోకి కొట్టుకొచ్చింది. పెద్దాయన దాన్ని చేత్తో పట్టుకుని, గోడ పక్క వేపచెట్టు వైపు ఓసారి చూసి, ఏమీ అనలేదు.

దీనికి మందు రెండు దశల్లో ఉంటుంది. ఒకటి, వేళ్లు పూర్తిగా కోయించడం. రెండు, అవి మళ్లీ చిగురించకముందే, వారం పది రోజుల్లో, ఈ చివర నుంచి ఆ చివరకు అతుకు లేని లైనింగ్ వేయించడం. ఒక్క అతుకు దగ్గరే వేరు దూరి మిగతావి గట్టిగా ఉంటే అక్కడొక్కచోట అడుగున్నరో రెండడుగులో ప్యాచ్, అంటే పొట్టి లైనింగ్ ముక్క, వేస్తే సరిపోతుందంటారు. నేను ఒప్పుకోను. చెట్టు అక్కడే ఉంది, పక్క అతుకూ అదే వయసుది. యాసిడ్ పోస్తే వేళ్లు చస్తాయన్న సలహా కూడా వినకండి. చెట్టుకు ఏమీ కాదు, అతుకుల్లో మిగిలిన సిమెంటు కాస్తా కరుగుతుంది.

టైల్ కుంగింది, చాంబర్లోకి మట్టి వస్తోంది

పైపు విరిగింది. పగులు నుంచి మట్టి లోపలికి జారి, నీటితో కొట్టుకుపోయి, పైన బోలు ఏర్పడుతోంది. టైల్ మీద నాణెంతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ చోట కారు పెట్టకండి. పందికొక్కులు రాకపోకలు సాగిస్తున్నా ఇదే అనుమానం.

పైపు గుండ్రం చెడకుండా పగుళ్లు మాత్రమే ఉంటే ప్యాచ్ చాలు. రెసిన్‌లో (గట్టిపడే జిగురులో) తడిపిన గ్లాస్‌ఫైబర్ గుడ్డను రబ్బరు బుడగకు చుట్టి, కెమెరా చూపిన చోటికి లాగి, గాలి కొట్టి గోడకు అదిమి ఉంచుతారు. రెసిన్ రకాన్ని బట్టి గంట రెండు గంటల్లో గట్టిపడుతుంది. కానీ పైనున్న బోలు ప్యాచ్‌తో నిండదు. నేలకు చిన్న రంధ్రం వేసి సిమెంటు గ్రౌట్ (పల్చగా కలిపిన సిమెంటు) పోయించాలి, అదీ ప్యాచ్ గట్టిపడ్డాకే. ముందే పోస్తే పగులు నుంచి పైపులోకి దిగి కొత్త జామ్ తెచ్చిపెడుతుంది. పైపు ముక్క ఊడి అరచెయ్యి పట్టేంత కంత పడితే ఆ ఒక్కచోటా తవ్వించుకోవడమే నయం.

వానాకాలంలోనే పొంగుతుంది

ఇక్కడే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. వాన మొదలైన పది నిమిషాల్లో పొంగితే పైపు పగల్లేదు, డాబా నీళ్లు డ్రైనేజీలో కలుస్తున్నాయి. డాబా మీద బకెట్ నీళ్లలో రంగు కలిపి వాన గొట్టంలో పోయండి. చాంబర్లో రంగు కనబడితే కేసు తేలిపోయినట్టే. ఆ గొట్టాన్ని విడదీసి ఇంకుడు గుంతకు మళ్లించండి. దీనికి ఎన్ని లక్షల లైనింగ్ వేసినా ఫలితం ఉండదు.

వాన వెలిసిన రెండ్రోజులకు కూడా, అర్ధరాత్రి ఎవరూ నీళ్లు వాడనప్పుడు చాంబర్లో సన్నగా తేట నీళ్లు పారుతుంటే అది భూగర్భ జలం, అతుకుల్లోంచి ఊరుతోంది. దీనికి లైనింగ్ పనిచేస్తుంది. అయితే లైనింగ్‌కు ముందు ధారగా కారే అతుకులను కెమికల్ గ్రౌట్‌తో కట్టాలి. లేకపోతే ఆ ధార తడి రెసిన్‌ను కడిగేస్తుంది.

పోతుంది, కానీ నెమ్మదిగా. కెమెరా నీళ్లలో మునుగుతుంది

పైపు మధ్యలో కుంగింది, లేదా మొదటి నుంచీ వాటం (వాలు) తప్పింది. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాలదానికి 60 అడుగులకు ఒక అడుగు వాటం అని మేస్త్రీల పాత లెక్క. ముప్పై అడుగుల నాలుగంగుళాల లైనుకు తొమ్మిది అంగుళాలు పడాలి. వాటర్ లెవెల్ గొట్టంతో రెండు చివర్లూ మీరే కొలుచుకోవచ్చు.

దీనికి లైనింగ్ పనికిరాదు. నున్నగా ఉంటుంది కాబట్టి కాస్త మెరుగనిపిస్తుంది, ఆర్నెల్లకు మళ్లీ అదే కథ. కుంగిన ముక్క తవ్వి, కింద బెడ్డింగ్ (పైపు కదలకుండా కూర్చునే పరుపు) వేసి, తిరిగి పరచాల్సిందే.

కెమెరా ఒకచోట ఆగిపోయింది, ముందుకు పోదు

అడ్డం ఉన్నవి వేళ్లు కాకపోతే గొట్టం కూలిపోయినట్టే. రాడ్డు ఎలాగో అవతలికి దూరితే పైప్ బర్స్టింగ్ చేయొచ్చు. 1970ల చివర్లో బ్రిటన్‌లో పాత గ్యాస్ పైపుల మార్పిడి కోసం పుట్టిన పద్ధతిది. పాత గొట్టం కన్నా లావైన ఉక్కు శంకువును లోపలి నుంచి లాగుతారు. అది గొట్టాన్ని పగలగొట్టి ముక్కల్ని మట్టిలోకి నెడుతూ పోతుంది. వెనకే వేడితో అతికిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వస్తుంది. నాలుగంగుళాల చోట ఆరంగుళాలది వేసుకోవచ్చు. స్టోన్‌వేర్ పెళుసు కాబట్టి తేలిగ్గా పగులుతుంది. ఇనుప చువ్వలున్న హ్యూమ్ పైపు (కాంక్రీటు పైపు) అంత సులువుగా లొంగదు.

"తవ్వకుండా" అన్నారని నమ్మకండి, దీనికి రెండు చివర్లా గుంతలు కావాలి. పైపు మరీ పైపైనే ఉంటే నేల ఉబ్బి గ్రానైట్ లేస్తుంది. పక్కనే మంచినీళ్ల పైపో కరెంటు కేబులో గ్యాస్ లైనో ఉంటే ముందే వెతికి పట్టుకోవాలి. ఈ మూడు ప్రశ్నలు అడగని కాంట్రాక్టరుకు పని ఇవ్వొద్దు.

పైపు నెత్తి కొరుక్కుపోయింది

ఇది ఎక్కువగా పెద్ద కాంక్రీటు లైన్ల జబ్బు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి చేరి, తడి గోడ మీది బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి, కాంక్రీటును పైనుంచి కొరుక్కుతింటుంది. కింద సగం కొత్తదిలా ఉంటుంది, పైన చువ్వలు తేలతాయి. ఇళ్ల యజమానులు చేయగలిగింది ఫిర్యాదు చేయడమే.

లైనింగ్ రోజు దగ్గరుండి చూడాల్సినవి

1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు ఒక పాత ఇటుక మురుగు కాలువలో మొదట చేసిన పని ఇది. ఇప్పటికీ సూత్రం అదే. ఫెల్ట్ గుడ్డతో కుట్టిన పొడవాటి గొట్టంలో రెసిన్ పోసి, రోలర్లతో ఒత్తి, ప్రతి దారం తడిసేలా చూస్తారు. ఎక్కడైనా తెల్లమచ్చ కనబడితే అక్కడ రెసిన్ పట్టలేదని అర్థం, మళ్లీ ఒత్తించండి. తర్వాత గాలి ఒత్తిడితో, దిండు గలీబు తిరగేసినట్టు, పైపులోకి తిరగేస్తూ పంపుతారు. తడి వైపు పాత గోడకు అంటుకుంటుంది. వేడినీళ్లతోనో ఆవిరితోనో యూవీ దీపంతోనో, ఊరికే వదిలేసో గట్టిపడనిస్తారు. నాలుగంగుళాల పైపులో మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఆ మేరకు పైపు సన్నబడుతుంది గానీ గోడ నున్నన కాబట్టి పారుదల తగ్గదు.

మన ఎండలతో ఒక చిక్కుంది. వేడికి రెసిన్ తొందరగా గట్టిపడుతుంది. ఒకసారి మే నెలలో పదకొండింటికి కలపడం మొదలుపెట్టారు. సగం దూరం పోయేసరికి గుడ్డ బిగుసుకుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ రాదు. చివరికి ఆ పోర్టికో తవ్వాల్సే వచ్చింది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పటి నుంచి వేసవిలో అయితే తెల్లవారకముందే, రెసిన్ డబ్బాలు ఐసు తొట్టిలో పెట్టి చేయిస్తున్నాను.

పని అయ్యాక వచ్చే ఫిర్యాదులు కొన్ని తెలిసినవే. సాయంత్రానికి పక్క బాత్రూము నిండితే, దాని పైపు కలిసే నోరు లైనింగ్‌తో మూసుకుపోయిందన్నమాట. చిన్న రోబో కట్టర్‌తో లోపల్నుంచి తెరవాలి. ఆ నోరు ఎన్ని మీటర్ల దగ్గరుందో ముందే రాసుకోకపోతే వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇంట్లో ఘాటు వాసన వస్తే పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం ఎండిన ట్రాపుల్లోంచి వస్తోంది. పనికి ముందే అన్ని ట్రాపుల్లో చెంబుడు నీళ్లు పోసి ఉంచండి. ఎపాక్సీతో ఈ బాధ లేదు. వంపుల దగ్గర చిన్న ముడతలు మామూలే, పైపు అడుగున వేలెడు ముడత పడితే మాత్రం గ్రైండరుతో కోయించి తీరాలి. చాంబరు అంచున లైనింగ్‌కూ పాత గొట్టానికీ మధ్య నీళ్లు దూరుతుంటే, నీరు తగిలితే ఉబ్బే రబ్బరు పట్టీ వేయలేదని అర్థం. వేరు మళ్లీ ఆ సందులోంచే వస్తుంది.

ఖర్చు మీటరు చొప్పున అడగండి, మిషన్ తెచ్చినందుకు వేరే ఎంతో కూడా అడగండి. పైపు పదడుగులే ఉండి, పైన గ్రానైట్ కాకుండా మట్టే ఉంటే లెక్క వేసుకునే పనే లేదు. ఇద్దరు కూలీలు ఒక రోజులో తవ్వి కొత్త పీవీసీ వేసేస్తారు.

డబ్బు ఇచ్చే ముందు మళ్లీ కెమెరా పెట్టించి, మొదటి వీడియోలోని అవే మీటర్ల దగ్గర పోల్చి చూడండి. ఇంకో పని కూడా చేయండి. పెద్దాయన ఇంట్లో మోటారు గది తలుపు వెనక పెయింటుతో రాయించాం: "కింద లైనింగ్ ఉంది. ఇనుప రాడ్డు పెట్టొద్దు. బాత్రూము నోరు 4.2 మీటర్ల దగ్గర." కొత్త ప్లంబరు ఎవరొచ్చినా ముందు ఆ తలుపు మూసి చదవమంటున్నాడు పెద్దాయన.