ఆత్మహత్యతో పోయిన బిడ్డ పేరు మీద స్కాలర్‌షిప్ పెట్టాలనుకుంటే

ముందు అమ్మానాన్నల్ని అడగండి, ఫొటో వాడొచ్చా, ఆత్మహత్య అని బయటికి చెప్పొచ్చా అని, వద్దంటే వద్దు. డబ్బు ఎవరి ఫోన్‌పేలోనో పోగేయకండి, లెక్కల గొడవ అక్కడే మొదలవుతుంది. కొత్త ట్రస్టు పెట్టేకన్నా 80జీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థతో మాట్లాడుకోవడం తేలిక, పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా వస్తుంది, కాకపోతే 2,000 రూపాయలు దాటిన నగదుకు రాదు. విరాళాల కోసం హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ఆదివారం పొద్దున నడక పెడితే జనం వస్తారు, పోలీసు అనుమతి ముందే తీసుకోండి.

స్కాలర్‌షిప్‌ని మాత్రం దయచేసి ఇంటర్ మార్కులకి ముడిపెట్టొద్దు (ఆ ర్యాంకుల టెన్షన్ చాలదా పిల్లలకి!), బొమ్మలు వేయడమో, క్రికెట్టో, ఆ బిడ్డకి ఏదిష్టమో దానికివ్వండి.

పోస్టర్లో ఎలా చనిపోయారో రాయొద్దు, చావుని త్యాగంలా చూపొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు తప్పకుండా వేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.