సంక్రాంతి పిండివంటలకు ముందు: వేడి నూనె కడాయి కదపకండి

మొన్న ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు 108 వచ్చి ఆగింది. మూడో ఫ్లోర్‌లో ఉండే ఆవిడ కోసం. ఏటా సంక్రాంతికి మా బ్లాకులో అందరికంటే ముందు సకినాలు మొదలుపెట్టేది ఆవిడే. ఆ రోజు కూడా నాలుగు కిలోల బియ్యం సకినాలు ఒక్కటి పేలకుండా గోలించి డబ్బాలకెత్తింది. పొయ్యి ఆపింది. పావుగంట కూర్చుని టీ తాగింది. రాత్రికి అన్నం పెట్టాలి, చూస్తే పెద్ద బర్నర్ మీద నూనె కడాయి ఉంది. మసిగుడ్డ మడిచి రెండు చెవులూ పట్టుకుని ఎత్తింది. వాష్ ఏరియాలో పెడదామని రెండడుగులు వేసింది.

మసిగుడ్డ ఒక కొస తడిగా ఉంది.

పొడి గుడ్డ వేడిని కాసేపు ఆపుతుంది. తడి గుడ్డ ఆపదు, అందులోని నీళ్లే వేడెక్కి వేళ్లను కాలుస్తాయి. కాలగానే చెయ్యి దానంతటదే వదిలేస్తుంది, మనం వద్దనుకున్నా ఆగదు. కుడికాలు మోకాలి కింది నుంచి పాదం దాకా, ఎడమకాలి వేళ్లు. స్ట్రెచర్ మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట: "పొయ్యి ఆపి పావుగంట అయిందక్కా, చల్లారిందనుకున్నా."

సరిగ్గా ఇదే మాట మా పిన్ని కూడా అంటుంది. అప్పుడు వాళ్లు వరంగల్‌లో ఉండేవాళ్లు, నేను ఇంటర్ చదువుతున్నా. అరిసెలయ్యాక కడాయి దించి పెరట్లోకి తీసుకెళ్తుంటే గడప తగిలింది. ఇన్నేళ్లయినా పిన్ని చీర కుచ్చిళ్లు పాదాల మీదికి జారేలా కడుతుంది. ఎందుకో మా ఇంట్లో ఎవరూ అడగరు.

కాటన్ బట్టలు కట్టుకోండి, జుట్టు ముడేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి అని మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వేడి నూనె కడాయిని పొయ్యి మీద నుంచి కదపకండి.

నూనె చల్లారినట్టు కనిపిస్తుంది

నీళ్లు కాగితే ఆవిరి వస్తుంది, బుడగలొస్తాయి. అందుకే కాగిన నీళ్ల గిన్నెను చూసి భయపడతాం. నూనెకు ఆ లక్షణం లేదు. పిండివంటలు వేగేటప్పుడు వచ్చే బుడగలన్నీ పిండిలోని తడివే. ఆఖరి వాయి తీసేశాక నూనె చప్పుడు లేకుండా, అద్దంలా నిలబడిపోతుంది. కంటికి అది సీసాలోంచి ఇప్పుడే పోసిన నూనెలా ఉంటుంది. వేడి మాత్రం 160 నుంచి 180 డిగ్రీలు.

ఈ గొడవ తేల్చుకుందామని మొన్న మా ఇంట్లో పాకం చూసే థర్మామీటర్ పెట్టి చూశాను. రెండు లీటర్ల నూనె, దళసరి ఇనుప కడాయి, 180 దగ్గర పొయ్యి ఆపాను. అరగంటకు ఇంకా 90 దాటే ఉంది. గంటకు 55 దగ్గరికొచ్చింది. 60 డిగ్రీల వేడి ఐదు సెకన్లు తగిలితే చాలు, పెద్దవాళ్ల చర్మం కూడా లోతుగా కాలుతుంది. పిల్లలకు అంతసేపు కూడా అక్కర్లేదు. నీళ్లయితే జారిపోతాయి, నూనె ఒంటిని పట్టుకుని కూర్చుంటుంది.

కాబట్టి రెండు గంటలు. పావుగంట కాదు, అరగంట కాదు. నూనె రెండు లీటర్లు దాటితే ఇంకా ఎక్కువ. మీకు తొందరుంటే కడాయిని అక్కడే ఉంచి మీరు అవతలికి వెళ్లండి.

అసలు ఎందుకు దించుతాం

మొదటి కారణం రాత్రి వంట. పిండివంటల రోజు మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వెలిగిస్తే ఎనిమిదికి గానీ అవ్వదు, అప్పటికి ఇంట్లో అందరికీ ఆకలి. దీనికి మందు పొద్దున్నే ఉంది. నూనె పెట్టకముందే అన్నం, పప్పు చేసి హాట్‌బాక్సులో పెట్టుకోండి. లేదా అన్నం ఒక్కటి ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పడేసి, వీధి చివర కర్రీ పాయింట్ నుంచి రెండు కూరలు తెప్పించండి. పండగ పూట బయటి కూరేంటని అత్తగారు అంటే అననివ్వండి. ఒక్క మాట పడినందుకు కాలేం కాలదు.

రెండోది నూనె వడగట్టడం. సకినాల నువ్వులు అడుగున చేరి మాడతాయి, రెండో రకం వంటకు నూనె శుభ్రంగా కావాలి. అలాంటప్పుడు కడాయి ఎత్తి ఒంపకండి. పొయ్యి ఆపి, సన్న జాలి గరిటెతో అడుగున చేరినవి తీసేయండి. అంతకీ కావాలంటే ఆ రోజుకు ఒకే రకం చేసి, రెండోది రేపు పెట్టుకోండి. మా బంధువు ఒకాయన వేడి నూనెను గరాటు పెట్టి ప్లాస్టిక్ క్యాన్‌లో పోశాడు. క్యాన్ అడుగు మెత్తబడి, ఎత్తగానే ఊడింది. గట్టు మీద నుంచి నేల దాకా నూనె. ఆయనకేం కాలేదు, అదృష్టం. తుడవడానికి వచ్చిన వాళ్లమ్మ జారిపడింది.

మూడోది నిప్పు. నూనె అంటుకుంటే చాలామందికి మొదట తోచేది కడాయి ఎత్తుకుని బాల్కనీలోకి పరిగెత్తడం. ఇంట్లో నిప్పు ఉండకూడదు కదా అని. నడిచేటప్పుడు ఎదురుగాలికి మంట వెనక్కి, అంటే పట్టుకున్నవాళ్ల మొహం మీదికి వాలుతుంది. వేడికి చెయ్యి వదిలేస్తే మండుతున్న నూనె ఇల్లంతా పరుచుకుంటుంది. మంట కనపడినా సరే కడాయి కదపకండి. చెయ్యి అందితే నాబ్ కట్టేయండి. పక్కనే సిద్ధంగా పెట్టుకున్న వెడల్పాటి స్టీలు పళ్లేన్ని అంచు వైపు నుంచి జరుపుతూ మూసేయండి. మూసింది అలాగే ఉంచండి. ఆరిందో లేదో చూద్దామని తెరిస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది.

నీళ్లు పోయొద్దని అందరికీ తెలుసనుకుంటాను. తెలిసినా కంగారులో పోస్తారు. నీళ్లు నూనె కంటే బరువు, అడుక్కి దిగుతాయి, అక్కడ ఒక్కసారిగా ఆవిరై 1600 రెట్లకు పైగా వ్యాకోచిస్తాయి. పైనున్న మండే నూనెనంతా చిమ్ముకుంటూ లేస్తాయి. ఇల్లు కాలిపోయే దారి ఇదే. పొయ్యి దగ్గర నీళ్ల చెంబు పెట్టుకోకపోతే పోసే పనే ఉండదు.

కింద పెట్టిన పొయ్యి

అరిసెలు ఒత్తడానికి, నలుగురు కూర్చుని సకినాలు చుట్టడానికి నేలే సుఖం. నిజమే. అందుకని చాలా ఫ్లాట్లలో పండగకు పొయ్యిని వాష్ ఏరియాలో కింద పెట్టి, సిలిండర్ పక్కనే నిలబెడతారు. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుని పొయ్యి మంటను వెతుక్కుంటుంది. అందుకే పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలంటారు. పైగా కింద పొయ్యి ఉంటే కడాయి అంచు సరిగ్గా మూడేళ్ల పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది.

చుట్టడం కింద చేయండి, గోలించడం గట్టు మీద. మధ్యలో ఒక మనిషి పళ్లెంతో అందిస్తే సరిపోతుంది.

జనవరి చలికి కిటికీలన్నీ బిగించి కూర్చోకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీ కోసమే ఆ నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది. ట్యూబు మార్చి ఐదేళ్లు దాటిందేమో పండగకు ముందే చూసుకోండి.

పేలేవి, చిందేవి

సకినం పేలితే అందరూ వామును, నువ్వులను తిడతారు. తప్పు పిండిది. తడి బియ్యం పట్టించిన పిండిని జల్లించకపోతే ఉండలుంటాయి. చుట్టగానే తడితడిగా నూనెలో వేస్తే పైన గట్టిపడుతుంది, లోపలి నీరు ఆవిరై దారి లేక పగలగొట్టుకుని వస్తుంది. బట్ట మీద చుట్టాక తడి పీల్చుకునేదాకా ఆరనివ్వండి. వేలితో తాకితే అంటకూడదు.

అప్పాలకు, అంటే మీలో కొందరు చెక్కలనేవాటికి, ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవండి. పూరీలా పొంగి పేలవు. శనగపప్పు సరిగా నానకపోయినా చిట్లుతుంది. బూరెలకు తోపు, అంటే పైపూత పిండి, పలచనైతే పూర్ణం బయటికొచ్చి నూనెంతా చిటపటలాడి మాడుతుంది. గరిజెల, అంటే కజ్జికాయల, అంచులు రెండుసార్లు ఒత్తండి.

పాకం సంగతి వేరే. బెల్లం పాకం నీళ్ల కంటే ఎక్కువ వేడెక్కుతుంది, పైగా జిగురు. ఒంటి మీద పడితే దులిపినా పోదు. ఉండ పాకం వచ్చిందో లేదో చూడటానికి గిన్నెలో వేలు పెట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. గరిటెతో చల్లటి నీళ్ల పళ్లెంలో చుక్క వేసి, అది చల్లబడ్డాకే ముట్టుకోండి. పిండి కలపడానికి పాకం గిన్నెను కిందికి దించడం అలవాటు. పొయ్యి ఆపి, పొయ్యి మీదే కలపండి. ఒకరు పట్కారుతో గిన్నె పట్టుకుంటే ఇంకొకరు తెడ్డు తిప్పాలి. ఒక్కరే ఉన్న రోజు అరిసెలు పెట్టుకోకండి.

ఇంకా ఉన్నాయి. ఒక వరస లేకుండా, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

కడాయిలో నూనె సగానికి మించొద్దు. వాయి వేయగానే పొంగుతుంది.

నూనె ప్యాకెట్‌ను వేడి కడాయి మీద పెట్టి కత్తిరించకండి. నూనె తగ్గితే పొయ్యి ఆపి, గిన్నెలోకి తీసుకుని, అంచు నుంచి మెల్లగా పోయండి.

కడాయి చెవి వదులైతే ఈ పండగకు ఆ కడాయి వద్దు.

మసిగుడ్డలు రెండు, పొడివి, వేరుగా. చెయ్యి తుడుచుకునే గుడ్డతో వేడిది పట్టుకోవద్దు.

పొగ లేచిందంటే అంటుకునే ముందు నూనె చేసే హెచ్చరిక అది. పొయ్యి ఆపేయండి. కడాయి కదపకండి.

పోయిన పండగ నూనె, దీపావళి నూనె కలిపి వాడొద్దు. వాడిన నూనె తొందరగా పొగ లేస్తుంది, తొందరగా అంటుకుంటుంది. నల్లబడి, నురగ నిలిచిందంటే పారేయండి. సింకులో కాదు.

చిమ్నీ ఫిల్టర్ కడిగారా? ఏడాది జిడ్డు అందులోనే ఉంది.

వీడియో కాల్‌లో అమెరికా అమ్మాయికి సకినాలు చూపించడం వాయి తీశాక.

పతంగి తెగిందని పిల్లలు అరుచుకుంటూ లోపలికి పరిగెత్తే రోజులివి. వంటింటి తలుపు వేయండి. తలుపు లేని ఓపెన్ కిచెన్ అయితే అడ్డంగా కుర్చీలు పెట్టండి.

న్యూస్ పేపర్ల మీద పిండివంటలు ఆరబెట్టొద్దు, సిరా అంటుతుంది. పొయ్యి పక్కన అసలే వద్దు.

కాలితే వెంటనే కుళాయి కింద, 20 నిమిషాలు, గడియారం చూసి. ఐసు వద్దు. పేస్టు, పసుపు, సిరా, కాఫీ పొడి, నెయ్యి ఏదీ వద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. నూనె పీల్చిన బట్ట ఒంటికి అతుక్కోకపోతే తీసేయండి, అతుక్కుంటే లాగొద్దు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన కాటన్ బట్ట కప్పి తీసుకెళ్లండి. అరచేతికంటే పెద్ద గాయం, మొహం, చేతులు, పాదాలు, చంటిపిల్లలు అయితే "చూద్దాంలే, పండగయ్యాక వెళ్దాం" అనే మాటే వద్దు. 108.

మంట పళ్లేనికి లొంగకపోతే అందరూ బయటికి, తలుపు మూసి, 101. డబ్బాల కోసం, ఫోన్ కోసం వెనక్కి వెళ్లొద్దు.

"నేను ఇరవయ్యేళ్ల నుంచి దించుతున్నా, ఏం కాలేదు" అనేవాళ్లకు కడాయి ఇవ్వకండి. మూడో ఫ్లోర్ ఆవిడ కూడా అంతే అనేది.

మగవాళ్లు సాయం చేస్తామని వస్తే డబ్బాలకెత్తే పని ఇవ్వండి. కడాయి నేను దించుతా అంటే మర్యాదగా బయటికి పంపండి.

రాత్రికి కడాయి మీద పళ్లెం బోర్లించి, రెగ్యులేటర్ కట్టేసి పడుకోండి. నూనె పొద్దున వడగట్టుకోవచ్చు.