ఇంజిన్ మార్చినంక ఈసీఎం జోలికి పోయే ముందు

హన్మకొండలో ఒక షెడ్డు ముందు తెల్ల స్విఫ్ట్ డీజిల్ బండి దుమ్ము కొట్టుకుని నిలబడ్డది. పాత ఇంజిన్ సీజ్ అయ్యి బిగుసుకుపోతే ఎర్టిగా ఇంజిన్ తెచ్చి ఎక్కించిన్రు. ఇంజిన్ పని మంచిగనే చేసిన్రు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకాయన వచ్చిండు. ఈసీఎంలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బాలో, కొత్త ఫైల్ ఎక్కిస్తుంటే సగంలో ఆగింది. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతది గానీ స్టార్ట్ కాదు. స్కానర్ పెడితే ఈసీఎం పలకదు. పాత ఫైల్ ఏది అని అడిగితే "తీసినం" అంటడు, చూపించడు.

పెండ్లిళ్ల సీజన్‌కు బండి రోడ్డెక్కాలని ఇప్పుడు ఇసొంటి పనులు తొందర తొందరగా చేయిస్తున్నరు. ఆయిల్, బెల్టు, మౌంటింగుల సంగతి మీ మెకానిక్‌కు తెలుసు, అవి నేను చెప్ప.

కాగితాల మాట

ఇంజిన్ నంబర్ ఆర్సీలో ఉంటది. ఇంజిన్ మారితే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని కొత్త నంబర్ ఎక్కించుకోవాలె. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇదే. 2019 సవరణ తర్వాత, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. బిల్లు లేని ఇంజిన్ ఎంత అగ్గువకు వచ్చినా కొనొద్దు.

"అదే ఇంజిన్ కదా అన్నా"

కాదు. స్విఫ్ట్, ఎర్టిగా, ఇండికా విస్టా, పుంటో, వీటన్నింట్లో వచ్చింది ఫియట్ 1.3 మల్టీజెట్టే. కానీ స్విఫ్ట్‌లో పవర్ 75 పీఎస్, మామూలు టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఫ్యాన్). ఎర్టిగాలో 90 పీఎస్, వీజీటీ టర్బో. వీజీటీలో లోపలి రెక్కలు ఎప్పుడు ఎంత తెరుచుకోవాల్నో చెప్పేది ఈసీఎం. స్విఫ్ట్ ఈసీఎంకు ఆ రెక్కలున్న సంగతే తెల్వదు. బండి లాగకపోవచ్చు, లేకుంటే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అదుపు తప్పి టర్బో పోవచ్చు. కాబట్టి కొనేటప్పుడే ఇంజిన్, ఈసీఎం, ఇంజిన్ వైరింగ్, సెన్సర్లు, యాక్సిలరేటర్ పెడల్, అన్నీ ఒకే బండివి సెట్‌గా తీసుకోండి. పెడల్ ఎందుకంటరా? అది రెండు వేర్వేరు వోల్టేజీలు పంపుతది, అవి ఈసీఎం అనుకున్న లెక్కకు కుదరకుంటే బండి లింప్ మోడ్‌లోకి పోతది, అంటే పవర్ తగ్గించుకుని కుంటుకుంట నడుస్తది.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సంగతి ఇంకా ముఖ్యం. ఈసీఎంకు సరిపడని సెన్సర్ పెడితే వేడి తక్కువున్నట్టు చదవొచ్చు, అప్పుడు ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుతది. రామగుండం, మంచిర్యాల దిక్కు మే నెల ఎండలో ఏసీ వేసుకుని పోయే బండికి ఈ ఒక్కటి చాలు, హెడ్ గ్యాస్కెట్ పోవడానికి.

ఇక సెట్‌గా తెచ్చిన ఈసీఎం తన ఇమ్మొబిలైజర్ (వేరే తాళంచెవితో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) కోడ్ కూడా తెస్తది. మీ తాళంచెవిలోని చిప్‌ను అది గుర్తుపట్టదు. స్టార్ట్ కానియ్యదు, లేకుంటే స్టార్ట్ అయిన రెండు సెకన్లకే ఆపేస్తది. ఇంజిన్ ఏ బండిదో ఆ బండి ఇమ్మొబిలైజర్, తాళంచెవి కూడా తెచ్చుకోవాలె, లేదా ఈసీఎంలోని డేటా మార్చి కలపాలె. ఆ డేటా మార్చే దగ్గరే అసలు ప్రమాదం.

రీడ్ కాకుండా రైట్ వద్దు

బండ్లను ముంచేది నేను చూసినంత వరకు ఎక్కువగా ఇదే. ఈసీఎంలో ఏమున్నదో పూర్తిగా చదివి దాచుకోకుండా కొత్తది ఎక్కిస్తరు. అడిగితే మాత్రం అందరూ "బ్యాకప్ తీసినం" అనే అంటరు.

ఆ బ్యాకప్ ఏందో అడగండి. చాలా ఈసీఎంలు ఓబీడీ పోర్టు (బండిలో స్కానర్ పెట్టే సాకెట్) నుంచి చదవనియ్యవు, రాయనిస్తయ్ అంతే. అప్పుడు టూల్ ఏం చేస్తదంటే, ఈసీఎం సాఫ్ట్‌వేర్ నంబర్ మాత్రం చూసి, ఆ నంబర్‌కు సరిపోయే ఫైల్ టూల్ కంపెనీ సర్వర్ నుంచి దించుతది. దాన్నే వర్చువల్ రీడ్ అంటరు. స్క్రీన్ మీద "రీడ్ ఓకే" అని వస్తది. కానీ అది మీ ఈసీఎం నుంచి వచ్చిన ఫైల్ కాదు, ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ మీ జేబులో పెట్టినట్టు. ఇమ్మొబిలైజర్ కోడ్, చాసిస్ నంబర్, ఇంజెక్టర్ (డీజిల్ చిమ్మేది) కోడ్‌లు చాలా ఈసీఎంలలో ఈఈప్రామ్ అనే చిన్న మెమరీలో ఉంటయ్. వర్చువల్ రీడ్‌లో ఈఈప్రామ్ రాదు. అది చెడిపోతే ఆ ఫైల్‌తోని బండి లేవదు.

అందుకే ఈసీఎం బయటికి తీసి, టేబుల్ మీద నేరుగా వైర్లు కలిపి, బెంచ్ మోడ్‌లోనో బూట్ మోడ్‌లోనో ఫ్లాష్ (ఈసీఎం సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ), ఈఈప్రామ్ రెండూ చదివించండి. రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోల్చమనండి. ఒక్క బైట్ తేడా ఉన్నా వైరు సరిగ్గా తగల్లేదని అర్థం, మళ్లీ చదవాలె. ఇంజిన్‌తోని వచ్చిన ఈసీఎంకూ, మీ బండి సొంత ఈసీఎంకూ, రెండింటికీ ఇట్లనే. కాపీ ఆయన ల్యాప్‌టాప్‌లో ఒకటి, మీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ మెయిల్‌లో ఒకటి. టైమ్ లేదంటే ఇంకోరోజు చేయించుకోండి. రీడ్ కాకుండా రైట్ వద్దు.

కరెంటు

రైట్ నడుస్తుంటే వోల్టేజ్ పడొద్దు. కీ ఆన్‌లో పెట్టి ఫైల్ ఎక్కిస్తుంటే ఈసీఎం తన మామూలు పనులు ఆపేస్తది. అప్పుడు చాలా బండ్లల్లో రేడియేటర్ ఫ్యాన్ తనంతట తనే ఫుల్ స్పీడ్‌లో తిరుగుడు మొదలుపెడతది. పాత బ్యాటరీ నిమిషాల్లో దిగుతది, రైట్ సగంలో ఆగుతది. షెడ్డు ముందున్న స్విఫ్ట్‌కు అయ్యింది ఇదే. మామూలు చార్జర్ పెడితే సరిపోదు, దాని కరెంటు నిలకడగా ఉండదు. 13 వోల్టుల దగ్గర నిలకడగా ఇచ్చే పవర్ సప్లై పెట్టాలె. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు కాబట్టి మంచి బ్యాటరీ ఇంకోటి జంపర్ కేబుళ్లతో కలిపి ఉంచండి.

ఇంక మిగిలినయ్ వరుసగా చెప్తున్న:

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లోనే ఉండాలె, స్లీప్, అప్‌డేట్లు బంద్.

హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్, మ్యూజిక్ బంద్.

కీ ఆన్‌లో ఉండగా ఈసీఎం కప్లర్ పీకొద్దు. కీ ఆఫ్ చేసినంక కూడా కొన్ని నిమిషాలు ఆగాలె, ఈసీఎం అప్పుడే ఈఈప్రామ్‌లో రాసుకుంటది.

మౌంటింగ్‌కు వెల్డింగ్ పెడుతున్నరా? బ్యాటరీ విప్పండి, ఈసీఎం బయటికి తీయండి.

ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసేది కంపెనీ ఫైల్‌తోనే. పవర్ పెంచే మ్యాప్ ఆ రోజు అడగొద్దు.

ఇంజెక్టర్ల మీద చెక్కిన కోడ్‌లు సిలిండర్ వారీగా రాసుకుని స్కానర్‌తోని ఎక్కించండి. తప్పు పడితే ఐడిలింగ్‌లో ఊగుడు, కొట్టుడు, పొగ.

చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా ఉన్నదని ఈసీఎం చూసుకునే లెక్క) సరిచేయని ఫైల్ ఎక్కనియ్యొద్దు.

చెక్ లైట్ రాకుండా చేస్తా అంటే ఒప్పుకోవద్దు. వేడెక్కిందని చెప్పే కోడ్ కూడా అండ్లనే పోవచ్చు. అట్లయితే ఇంజిన్ కాలేదాకా మీకు తెల్వకపోవచ్చు.

నల్లపొగ కొడుతుంటే "పికప్ పెరిగింది" అని సంబురపడొద్దు. డీజిల్ ఎక్కువ పడుతుండొచ్చు, పిస్టన్ కరగొచ్చు.

ఫ్యూజు పోతే పెద్ద ఫ్యూజు వేయొద్దు. కారణం వెతకండి.

మొదటి లాంగ్ డ్రైవ్ మేడారం అడవి రోడ్డు మీద పెట్టుకోవద్దు. కాజీపేట చుట్టూ తిప్పండి, స్కానర్ పెట్టి కూలెంట్ వేడి, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పోయే డీజిల్ ఒత్తిడి), బూస్ట్ చూడండి.

మళ్లీ చెప్తున్న, రీడ్ కాకుండా రైట్ వద్దు.

రైట్ మొదలైనంక తాళంచెవి ముట్టొద్దు, ఎవ్వరినీ ముట్టనియ్యొద్దు. కానీ ఫ్లాష్, ఈఈప్రామ్ ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లో పడకముందే ఆయన రైట్ నొక్కుతా అంటే, నొక్కకముందే తాళంచెవి తీసుకుని, ఈసీఎం విప్పించుకుని ఇంటికి తెచ్చుకోండి.